సి భాష పదజాలానికి క్విజ్‌లెట్ జతల ఆట: తరగతి గదిలో ఎంతవరకు ఉపయోగం?

పాలిటెక్నిక్‌లో సి అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలు మొదలైన కొన్ని వారాల్లోనే విద్యార్థి మీదికి పదుల కొద్దీ కొత్త పదాలు వచ్చిపడతాయి. వేరియబుల్, కాన్‌స్టంట్, ఐడెంటిఫయర్, కీవర్డ్, ఆపరాండ్, ఎక్స్‌ప్రెషన్, హెడర్ ఫైల్, కంపైలర్, లింకర్ వంటివన్నీ ఒకదాని వెంట ఒకటి బోర్డు మీదికి ఎక్కుతాయి. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి పాలిసెట్ ద్వారా వచ్చిన పిల్లల్లో చాలామందికి, లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) ఎలా తిరుగుతుందో గీసి చూపిస్తే వెంటనే అర్థమవుతుంది; ల్యాబ్‌లో ప్రోగ్రామ్ కూడా రాసి నడిపిస్తారు. కానీ వైవాలో (మౌఖిక పరీక్షలో) “ఇటరేషన్ అంటే ఏమిటి?” అని అడిగితే అదే పిల్లలు మౌనంగా నిలబడిపోతారు. లూప్‌తో తాము నిన్న చేసిన పని పేరే అదని వారికి తోచదు. వైవా మార్కులు పోవడం అటుంచితే, పుస్తకం చదివేటప్పుడూ, కంపైలర్ చూపించిన దోష సందేశాన్ని అర్థం చేసుకునేటప్పుడూ ఆ లోటు మళ్లీ మళ్లీ అడ్డు వస్తుంది. దీన్ని తీర్చడానికి ఒక్కో యూనిట్ పూర్తయ్యాక పునశ్చరణ కోసం నేను, కార్డులతో పదాలూ అర్థాలూ నేర్పే వెబ్‌సైట్ అయిన క్విజ్‌లెట్‌లోని జతల ఆటను తరగతిలో వాడుతున్నాను. సి భాష బోధించే ఇతర అధ్యాపకులకు ఈ సాధనం ఎక్కడ చేయి అందిస్తుందో, ఎక్కడ దాని మీద భారం వేయకూడదో వివరంగా చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

క్విజ్‌లెట్ 2005లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. ఆండ్రూ సదర్లాండ్ అనే హైస్కూల్ విద్యార్థి తన ఫ్రెంచి తరగతిలో ఇచ్చిన పదాలను గుర్తుపెట్టుకోవడానికి తన కోసమే రాసుకున్న ప్రోగ్రామ్ అది. 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఈ చరిత్ర మనకు ఎందుకంటే, ఆ సాధనం స్వభావమంతా అక్కడే నిర్ణయమైపోయింది. ఒక పక్క పదం, మరో పక్క దాని అర్థం, రెండింటికీ మధ్య ఒకే ఒక్క ముడి. విదేశీ భాషలో పండ్ల పేర్లో వారాల పేర్లో నేర్చుకునేవారికి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. ప్రోగ్రామింగ్ పదజాలం అంత తేలికగా లొంగదు. సి భాషలో నక్షత్రం గుర్తు ఒకచోట గుణకారం, మరోచోట పాయింటర్ (మెమరీ చిరునామాను దాచుకునే వేరియబుల్) ప్రకటన, ఇంకోచోట ఆ పాయింటర్ చూపే చిరునామాలోని విలువను అందుకునే ఆపరేటర్. & గుర్తు ఒకచోట చిరునామాను ఇస్తుంది, మరోచోట బిట్ల మీద పనిచేస్తుంది. ఇటువంటి వాటిని ఒకే కార్డులో ఒకే అర్థంతో బిగించేస్తే విద్యార్థి సగమే నేర్చుకుంటాడు. అది సగమేనని అతనికి తెలియదు కూడా.

ఆట నడిచే తీరు సులభం. అధ్యాపకుడు ముందుగా పదాలు, వివరణలతో ఒక సెట్ తయారుచేస్తాడు. జతల ఆటను ప్రారంభించగానే ఆ సెట్‌లోంచి ఆరు పదాలు, వాటి ఆరు వివరణలు, మొత్తం పన్నెండు పలకలు కలగాపులగంగా తెర మీద కనిపిస్తాయి. ఒక పదాన్నీ దానికి సరిపోయే వివరణనూ వరుసగా నొక్కితే ఆ రెండు పలకలూ మాయమవుతాయి. తప్పు జత కలిపితే గడియారానికి ఒక సెకను అదనంగా చేరుతుంది. తెర ఎంత త్వరగా ఖాళీ అయితే అంత మంచి ఫలితం. నియమాలు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఇంగ్లీషులో మాట్లాడటానికి జంకే విద్యార్థి కూడా ఎవరి సహాయమూ లేకుండా ఆడగలడు. తరగతిలో సాధారణంగా వెనక బెంచీలకే పరిమితమయ్యే పిల్లలు ఇందులో ముందుకు రావడం నేను గమనించాను. అందరి ముందూ లేచి నిలబడి నిర్వచనం చెప్పాల్సిన ఒత్తిడి లేకపోవడమే దానికి కారణమని నా అభిప్రాయం.

అయితే ఆట రూపకల్పనలోనే ఒక బలహీనత ఉంది. అది తెలుగు నేల మీద బడిలో చదివిన ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. మన పదో తరగతి బిట్ పేపర్లలో “జతపరచండి” అనే ప్రశ్న వచ్చేది. అందులో ఎడమవైపు గ్రూపులో ఐదు అంశాలుంటే కుడివైపు గ్రూపులో వాటికన్నా రెండో మూడో ఎక్కువ ఉండేవి. నాలుగు జతలు తెలిసిన విద్యార్థికి ఐదోది ఉచితంగా దొరకకూడదన్నదే ఆ అదనపు సమాధానాల ఉద్దేశం. క్విజ్‌లెట్ ఆటలో ఇరువైపులా సరిగ్గా ఆరేసి ఉంటాయి. ఐదు జతలు కలిపేసరికి ఆరోది తనంతట తానే కలుస్తుంది. నాలుగు తెలిస్తే మిగిలిన రెండింటిలో ఊహకు సగం అవకాశం ఉంటుంది. పైగా తప్పుకు పడే శిక్ష ఒక్క సెకను మాత్రమే కాబట్టి, ఆలోచించడం కన్నా గబగబా నొక్కి చూడటమే లాభమని పిల్లలు త్వరలోనే కనిపెడతారు. ఈ విషయంలో మన పాత బిట్ పేపరే మెరుగైన పరీక్ష అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంతకన్నా లోతైన చిక్కు వివరణల రాతలో ఉంది. ఈ సాధనం మంచిదా కాదా అన్న ప్రశ్నకు నా దృష్టిలో సగానికి పైగా సమాధానం ఇక్కడే దొరుకుతుంది. “ఇన్ఫినిట్ లూప్” అనే పదానికి “ఎప్పటికీ ముగియని లూప్” అని వివరణ రాస్తే, లూప్ అనే మాట రెండు పలకల్లోనూ కనిపిస్తుంది కాబట్టి విద్యార్థి అర్థం చదవకుండానే కలిపేస్తాడు. ఆరింటిలో ఒక్క వివరణ మాత్రమే పొడవుగా ఉంటే, ఆ పొడవే గుర్తుగా పనిచేస్తుంది. ఒక వివరణ తెలుగులో, మిగిలినవి ఇంగ్లీషులో ఉంటే రెండో ఆటకల్లా చూపు దాని మీదే వాలుతుంది. అంటే పిల్లలు పదాన్ని నేర్చుకోకుండా పలక ఆకారాన్ని నేర్చుకుంటారు, గడియారం మాత్రం వారు అద్భుతంగా మెరుగుపడుతున్నట్లు చూపిస్తుంది. దీనికి విరుగుడు అధ్యాపకుడి చేతిలోనే ఉంది. వివరణలన్నీ దాదాపు ఒకే నిడివిలో, ఒకే భాషలో, పదంలోని ఏ ముక్కా మళ్లీ రాకుండా రాయాలి. ఇన్ఫినిట్ లూప్‌కు “షరతు ఎన్నడూ అబద్ధం కానందున ఒకే భాగం ఆగకుండా మళ్లీ మళ్లీ నడవడం” అని రాస్తే, అప్పుడు విద్యార్థి చదివి తీరాలి.

పక్కపక్కనే ఉంచవలసిన పదాల ఎంపిక కూడా అంతే ముఖ్యం. కంపైలర్, అర్రే, రికర్షన్, కామెంట్ అనే నాలుగు పదాలు ఒకే ఆటలో వస్తే వాటి మధ్య పోలికే లేదు, ఎవరైనా విడదీస్తారు. డిక్లరేషన్, డెఫినిషన్, ఇనిషియలైజేషన్, అసైన్‌మెంట్ ఒకచోట చేరినప్పుడే అసలు పరీక్ష మొదలవుతుంది. సింటాక్స్ ఎర్రర్, లాజికల్ ఎర్రర్, రన్‌టైమ్ ఎర్రర్ అనేవి మరో మంచి కూటమి. సెమీకోలన్ మరిచిపోవడం, సగటు లెక్కించేటప్పుడు బ్రాకెట్లు పెట్టకపోవడం, సున్నాతో భాగించడం అనే మూడు సంఘటనలను వాటికి జతగా ఇస్తే, నిర్వచనం బట్టీపట్టినవాడు కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. పెద్ద సెట్‌లోంచి ఏ ఆరు జతలు రావాలో ఆట తనంతట తాను ఎంచుకుంటుంది కాబట్టి, నేను యూనిట్ మొత్తానికి ఒకే సెట్ పెట్టడం మానేసి, తికమకపెట్టే పదాలను ఆరేసి చొప్పున చిన్న సెట్లుగా విడగొట్టాను. ఈ ఒక్క మార్పుతో ఆటకు విలువ చాలా పెరిగింది.

మన పాఠ్యపుస్తకాల వల్ల వచ్చే ఇబ్బంది ఒకటి ఇక్కడే చెప్పాలి. ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు పంపే విలువను ఒక పుస్తకం ఆర్గ్యుమెంట్ అంటుంది, మరో పుస్తకం యాక్చువల్ పారామీటర్ అంటుంది. ఫంక్షన్ నిర్వచనంలో ఆ విలువను అందుకునే పేరును ఒకరు పారామీటర్ అంటే మరొకరు ఫార్మల్ పారామీటర్ అంటారు. ఈ నాలుగింటికీ వేర్వేరు కార్డులు రాస్తే, విద్యార్థి భావం ప్రకారం సరైన జతనే కలిపినా ఆట దాన్ని తప్పుగా లెక్కించే అవకాశం ఉంటుంది. రెండు పేర్లనూ ఒకే కార్డులో పక్కపక్కన రాయడం ఉత్తమం. సైట్‌లో ఎవరెవరో తయారుచేసి ఉంచిన బహిరంగ సెట్లను నేరుగా తరగతిలో వాడవద్దని నేను చెప్పడానికి కూడా ఇదే ప్రధాన కారణం. అవి ఎవరైనా చేయవచ్చు. వాటిని ఎవరూ సరిచూడనవసరం లేదు. వేరే భాషకు, వేరే పుస్తకానికి రాసిన నిర్వచనాలు మన విద్యార్థి చేతికి వస్తే, పరీక్షలో దిద్దే అధ్యాపకుడు ఆశించేది ఒకటి, అతను రాసేది మరొకటి అవుతుంది.

పదానికి నిర్వచనం అన్న చట్రం దాటితే ఈ ఆట ఇంకా బాగుంటుంది. ఒక పలక మీద చిన్న కోడ్ ముక్క, జత పలక మీద దాని ఫలితం పెట్టవచ్చు. 5 / 2 అనే పలకకు సి భాషలో జత 2. రెండూ పూర్ణాంకాలైతే భాగహారంలో దశాంశ భాగం పోతుందన్న సంగతి దీంతో మనసుకు పడుతుంది. పక్కనే 5.0 / 2 పెట్టి దానికి 2.5 అనే జతను ఇస్తే ఆ తేడా ఇంకా బలంగా నాటుకుంటుంది. 7 % 3 కు జత 1 (భాగిస్తే మిగిలే శేషం). = గుర్తుకు “కుడివైపు విలువను ఎడమవైపు చోటులో ఉంచు”, == గుర్తుకు “రెండు విలువలు సమానమా అని అడుగు”. అర్రేలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి పది అంశాల అర్రేలో చివరి ఇండెక్స్‌కు 9. ఇవి పదజాలం కిందికి వస్తాయా అని కొందరు సహోద్యోగులు అడిగారు. నా మట్టుకు వస్తాయి, ఎందుకంటే గుర్తు కూడా చదివి అర్థం చెప్పుకోవలసిన మాటే. అయితే పలకలో స్థలం చాలా తక్కువ. ఒక్క వరుసలో పట్టే కోడ్‌కు మాత్రమే ఇది నప్పుతుంది. నాలుగైదు వరుసల లూప్‌ను పలకలో ఇరికిస్తే ఫోన్ తెర మీద చదవడం కష్టమవుతుంది.

ఇక, జత కలపడం అంటే కళ్ల ముందున్న సమాధానాన్ని గుర్తుపట్టడం. వైవాలో కావలసింది కళ్ల ముందు ఏమీ లేనప్పుడు జ్ఞాపకంలోంచి తీసి చెప్పడం. ఈ రెండూ ఒకటి కావు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికె జరిపిన ప్రయోగం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా రాశారు. చదివాక చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారు రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెట్టిన పరీక్షల్లో మెరుగ్గా రాశారు. అందుచేత నేను ఆట ముగియగానే తెర ఆపించి, ఖాళీ కాగితం మీద అవే ఆరు పదాలకు సొంత మాటల్లో వివరణ రాయమంటాను. వాక్యం తెలుగులో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా, రెండూ కలిసి ఉన్నా అభ్యంతరం పెట్టను. ఆటలో మొదటి స్థానంలో నిలిచిన విద్యార్థి కాగితం మీద మూడు పదాల దగ్గరే ఆగిపోవడం, నెమ్మదిగా ఆడిన విద్యార్థి ఆరూ రాయడం తరచుగా కనిపించే విషయమే. ఆట ఇచ్చే సమయాన్ని మార్కుల రిజిస్టర్‌లోకి ఎక్కించవద్దని ఈ కారణంతోనే తోటి అధ్యాపకులను కోరుతున్నాను. ఉత్తమ సమయాల పట్టిక కొందరికి హుషారు ఇస్తుంది. తడబడుతూ చదివే విద్యార్థికి మాత్రం అది ప్రతిసారీ తన పేరును అట్టడుగున చూపిస్తుంది, అది నాకు బాధగా అనిపించి ఆ పట్టికను ప్రొజెక్టర్ మీద చూపడం మానేశాను.

ఇదే సంస్థ 2016లో తెచ్చిన క్విజ్‌లెట్ లైవ్ అనే జట్టు ఆట, ఒంటరిగా ఆడే జతల ఆట కన్నా తరగతి గదికి ఎన్నో రెట్లు తగినది. అధ్యాపకుడి తెర మీద ఒక కోడ్ కనిపిస్తుంది. విద్యార్థులు దాన్ని కొట్టి చేరగానే వారిని సాఫ్ట్‌వేరే యాదృచ్ఛికంగా జట్లుగా విడదీస్తుంది. జట్టులో అందరికీ ఒకే ప్రశ్న వస్తుంది, కానీ సమాధానాల జాబితా ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది. సరైన సమాధానం ఒక్కరి తెర మీద మాత్రమే ఉంటుంది. కాబట్టి ఎంత తెలివైనవాడైనా ఒంటరిగా గెలవలేడు. “నా దగ్గర లేదు, నీ దగ్గర ఉందేమో చూడు” అని అడగక తప్పదు. పైగా ఒక్క తప్పు సమాధానంతో జట్టు సంపాదించుకున్నదంతా పోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. గబగబా నొక్కే అలవాటుకు ఈ నియమమే సరైన మందు. “ఆగు, అది పారామీటర్ కాదు, పిలిచేటప్పుడు పంపేది కదా” అని ఒక విద్యార్థి మరొకరికి తెలుగులో వివరించడం వింటుంటే, గంట సేపు నేను చెప్పిన పాఠం కన్నా ఆ ఒక్క మాట ఎదుటివారికి బాగా చేరిందని తెలుస్తుంది. ఆట ముగిశాక తరగతి మొత్తం ఏ పదాలను తికమకపడిందో అధ్యాపకుడికి కనిపిస్తుంది. మరుసటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి అది నాకు ఎంతో ఉపయోగపడుతోంది. జట్లను యాదృచ్ఛికంగా విడదీయడం వల్ల రోజూ ఒకే బెంచీలో కూర్చునే స్నేహితులు విడిపోయి, ఎన్నడూ మాట్లాడుకోనివారు కలిసి ఆడటం మరో మేలు.

కహూట్ అనే మరో క్విజ్ ఆటతో పోలిక తప్పదు కాబట్టి ఒక్క మాట చెబుతాను. అందులో త్వరగా సరైన సమాధానం చెప్పినవారికి ఎక్కువ పాయింట్లు వస్తాయి కాబట్టి వేగానిదే రాజ్యం. పండుగ వాతావరణం కావాలంటే అది, పిల్లలు పరస్పరం మాట్లాడుకుని నేర్చుకోవాలంటే లైవ్.

వాడుకలోని సౌకర్యాల విషయానికి వస్తే, సెట్ తయారీ తేలిక. ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసలో పదాలు, పక్క వరుసలో వివరణలు రాసుకుని కాపీ చేసి అతికిస్తే కార్డులన్నీ ఒకేసారి తయారవుతాయి; ఒక్కొక్కటిగా కొట్టవలసిన పని లేదు. తెలుగు లిపి ఏ ఇబ్బందీ లేకుండా కనిపిస్తుంది కాబట్టి పదం ఒక భాషలో, వివరణ మరో భాషలో ఇవ్వవచ్చు. మొదటి రెండు యూనిట్లకు నేను వివరణలు తెలుగులో రాసి, ఆ తర్వాతి యూనిట్ల నుంచి క్రమంగా ఇంగ్లీషుకు మారుస్తాను, ఎందుకంటే చివరకు పరీక్ష రాయవలసింది ఆ భాషలోనే. జతల ఆటకు, లైవ్‌కు ఉచిత ఖాతా సరిపోతుంది. మన తరగతి అవసరాలకు డబ్బు కట్టి చందా తీసుకోవలసినంత ప్రయోజనం నాకు కనిపించలేదు. ఉచిత ఖాతాలో ప్రకటనలు వస్తాయన్నది నిజం.

ప్రకటనల కన్నా పెద్ద అడ్డంకి మన దగ్గర వేరే ఉంది. లైవ్ ఆడాలంటే ప్రతి విద్యార్థి చేతిలో ఒక పరికరం, అన్నింటికీ ఒకేసారి అందే నెట్ ఉండాలి. చాలా కళాశాలల్లో తరగతి గదిలోకి ఫోన్ తీసుకురానివ్వరు. ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చోవలసి వస్తుంది. బ్యాచ్ మొత్తం ఒకేసారి చేరబోతే నెట్ మొరాయిస్తుంది. అటువంటి చోట ఇదే ఆటను అట్టముక్కలతో ఆడించమని నా సలహా. పాత రికార్డు పుస్తకాల అట్టలను కత్తిరించి, నలుగురి జట్టుకు ఒక కట్ట ఇస్తే చాలు. ఇక్కడ తెర మీద లేని స్వేచ్ఛ ఒకటి దొరుకుతుంది. ఆరు పదాలకు ఎనిమిది వివరణలు పెట్టవచ్చు. రెండు వివరణలకు జత ఉండదు కాబట్టి చివరి కార్డు దాకా విద్యార్థి ఆలోచిస్తూనే ఉండాలి. నక్షత్రం గుర్తుకు మూడు అర్థాల కార్డులనూ ఒకదాని కింద ఒకటి పేర్చమనవచ్చు. గడియారం ఉండదు కాబట్టి వాదనకు సమయం దొరుకుతుంది. ఖర్చు దాదాపు లేదు. నష్టమల్లా ఎవరు ఏది తప్పు కలిపారో నమోదు కాకపోవడం. దానికి అధ్యాపకుడు బెంచీల మధ్య తిరుగుతూ చూసుకోవాలి.

ఈ సాధనాన్ని కొత్త పాఠం చెప్పడానికి ఎవరూ వాడవద్దు. పాయింటర్ అంటే ఏమిటో తెలియని విద్యార్థికి పాయింటర్ కార్డు చూపించడం వల్ల కలిగేది కలవరమే. బోర్డు మీద గళ్లు గీసి, చిరునామాలు వేసి, ప్రోగ్రామ్ రాయించి, తప్పులు దిద్దించి, ఆ తర్వాత యూనిట్ చివర పావుగంట ఆడిస్తే దాని మేలు దానికి ఉంటుంది. నా లెక్కలో లైవ్‌కు ఐదుకు నాలుగున్నర, ఒంటరి జతల ఆటకు మూడు. వివరణలు శ్రద్ధగా రాసుకునే ఓపిక లేని అధ్యాపకుడి చేతిలో అది రెండుకు పడిపోతుంది.

ఈ మధ్య కార్డులు రాసే పనిని విద్యార్థులకే అప్పగిస్తున్నాను. ఒక్కో జట్టు ఆరు పదాలకు వివరణలు రాస్తుంది, మరో జట్టు వాటిని పరిశీలించి పదంలోని ముక్క వివరణలో దొర్లిందా, రెండు కార్డులకు ఒకే అర్థం వచ్చిందా, ఇచ్చిన ఫలితం నిజంగా ప్రోగ్రామ్ నడిపితే వస్తుందా అని ల్యాబ్‌లో సరిచూస్తుంది. సరిచూసిన తర్వాతే ఆ సెట్ ఆటలోకి వెళ్తుంది. సి భాష కీవర్డులు (భాషే తన కోసం ప్రత్యేకించుకున్న మాటలు) 1989 నాటి ప్రమాణం ప్రకారం 32 కాబట్టి, వాటన్నిటికీ ఈ పద్ధతిలో కార్డులు రాయించడం ఒక సెమిస్టర్‌లో సాధ్యమయ్యే పనే. వచ్చే బ్యాచ్‌కు మొదటి వారం నుంచే ఆ పని మొదలుపెట్టిస్తాను.